ఎడమచేతి మాటలు

ఇది రాయడానికి నాకు పందొమ్మిది రోజులు పట్టింది. ఇరవై నిమిషాలు టైపు చేస్తే పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అది నా చేతుల నొప్పికి పెట్టిన నియమం. ఆ పది నిమిషాలూ ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పుస్తకం పట్టుకోకూడదు, ఫోన్ పట్టుకోకూడదు, కూరగాయలు తరగకూడదు. అందుకని ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చుంటాను. కిటికీ పక్కన చెమ్మ దిగి ఏర్పడిన మరకని ఈ కొన్ని నెలల్లో నేను చూసినంతగా ఇంటివాళ్ళు కూడా చూసి ఉండరు.

నా పేరు వసుధ. వయసు నలభై ఏడు. ఇరవై రెండేళ్ళుగా తెలుగు టైపు చేసి బతుకుతున్నాను. గవర్నరుపేటలో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక ఆఫీసుంది. లెక్చరర్లు చేత్తో రాసిచ్చిన కాగితాలు నా బల్లమీదకి వస్తాయి, నేను వాటిని మనుషులు చదవగలిగేలా చేసి పంపుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకి చెప్పే జవాబులు అయిపోయి చాలా ఏళ్ళయింది. భవానీపురంలో మేడమీద రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటాను.

నాలాగా రోజంతా కీబోర్డు మీద బతుకుతూ, చెయ్యి తిమ్మిరెక్కితే విదిలించుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళు ఇది చదివి నాకన్నా ఒక్క నెల ముందు ఆగితే చాలనుకుని మొదలుపెట్టాను. రెండో కారణం ఏమిటంటే, చెయ్యి బాగాలేని రోజుల్లో నా సంగతి నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు కూడా.

ఫిబ్రవరిలో మొదలైంది. ఏదో పరీక్షకి నోటిఫికేషన్ పడింది. నోటిఫికేషన్ పడితే మా ఆఫీసు పెళ్ళివారిల్లు అయిపోతుంది. కాఫీకి కూడా లేవకుండా కొట్టాను. నా వేగం గురించి నాకు కొంచెం పొగరు ఉండేది, దాచుకోను. పక్కసీటు పిల్లలు ఒక పేజీ చేసేలోపు నేను మూడు చేసి, వాళ్ళ తప్పులు కూడా వెతికి చూపించేదాన్ని. ముందు కుడి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. విదిలించాను. మార్చి మొదట్లో మణికట్టు నుంచి మోచేతిదాకా సలపడం మొదలైంది. నూనె రాశాను, వేడినీళ్ళు పోశాను, గుడ్డ చుట్టుకుని మళ్ళీ కొట్టాను. అన్నీ చేశాను, ఆపడం ఒక్కటీ చెయ్యలేదు.

ఒక ఉదయం స్నానం చేసి తువ్వాలు పిండబోతే చెయ్యి మెలితిరగలేదు. రెండోసారి, మూడోసారి కూడా. నీళ్ళు కారుతున్న తువ్వాలుని బకెట్లోనే వదిలేసి గుమ్మంలో నిలబడిపోయాను. మనిషిని పడేసేంత నొప్పేం కాదు. నేను చెయ్యలేని పని చెయ్యడానికి ఈ ఇంట్లో రెండో మనిషి లేరన్న సంగతి మొదటిసారి తోచింది. చాలా భయం వేసింది.

ఎముకల డాక్టరు దగ్గర వెయిటింగ్ హాలు ఎప్పుడూ కిటకిటలాడేది. ఎవరి కాలికో పిండికట్టు, ఎవరి మెడకో పట్టీ. అందరికీ ఏదో ఒకటి కనిపిస్తోంది. నాకేమీ కనిపించడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, పొరపాటున వచ్చిన మనిషిలా కూర్చున్నాను. నా పక్కన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఆయన ఉన్నాడు. కుడిచెయ్యి మొత్తం కట్టు.

"మీకేమైందండి?" అని అడిగాడు.

"టైపు చేసి చేసి చేతులు పట్టేశాయండీ" అన్నాను. నవ్వుతాడని ముందే మొహం ముడుచుకున్నాను.

ఆయన నవ్వలేదు. "మాకు చెయ్యిపోతే కనపడుద్దండి. నలుగురూ పరిగెత్తుకొత్తారు. మీది కనపడదు కదా, అది ఇంకా ఇబ్బంది" అన్నాడు.

నాకు దాహంగా ఉంది, నీళ్ళ సీసా మూత తిరగడం లేదు. ఆయన అది గమనించి, సీసాని తన మోకాళ్ళ మధ్య బిగించుకుని ఎడమచేత్తో మూత తీసి ఇచ్చాడు. మా ఇద్దరికీ కలిపి పనికొచ్చే చెయ్యి ఆ ఒక్కటే. తర్వాత లోపలికి పిలిచారు, మళ్ళీ ఆయన్ని చూడలేదు. పేరైనా అడగలేదే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

డాక్టరుగారు రాసిన చీటీలో ముఖ్యమైన మాట ఒకటే: విశ్రాంతి. రెండు చేతులకీ మణికట్టు పట్టీలు వేశారు. ఎడమచెయ్యి కొంచెం నయం, కుడిది బాగా దెబ్బతింది. ఆఫీసుకి సెలవు పెట్టాను.

విశ్రాంతి అనే మాట ఒంటరి మనిషికి సరిపడదు. విశ్రాంతి తీసుకోవాలంటే ఆ పని ఇంకొకరు చెయ్యాలి కదా. పచ్చడి జాడీ మూత రాదు. కుక్కరు ఎత్తలేను. జడ వేసుకోలేను. నాది పొడుగు జుట్టు. రెండ్రోజులు అలాగే ముడేసుకుని తిరిగాను. మూడోరోజు కింది వాటాలో ఉండే దుర్గగారు మెట్ల దగ్గర ఆపారు.

"ఏంటండీ వసుధగారూ, ఆ జుట్టేంటి? ఇటు కూర్చోండి, జడేస్తాను. నాకెటూ ఆడపిల్లల్లేరు."

మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ పైమెట్టు మీద కూర్చుని చిక్కు తీశారు. నా తలమీద ఇంకొక మనిషి చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. దువ్వెన లాగిందేమో అనుకుని ఆవిడ "నొప్పెట్టిందా?" అన్నారు. అవునన్నాను. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పాలపాకెట్టు తీసుకోడానికి కిందికి దిగి, జడ వేయించుకుని పైకెక్కేదాన్ని. మిగతా రోజంతా నాతో మాట్లాడేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆ పది నిమిషాల కోసం నేను త్వరగా నిద్రలేచేదాన్నని దుర్గగారికి తెలియదు.

మే నెలలో అక్క వచ్చి గన్నవరం తీసుకుపోయింది. అక్క పేరు సుశీల, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. బావది రొయ్యల మేత వ్యాపారం. తెల్లారి చెరువుల వైపు పోతే దీపాలు పెట్టాకే రాక. ఒక్కతే కూతురు, పెళ్ళై హైదరాబాదులో ఉంటుంది. పెద్ద ఇల్లు, చల్లటి గదులు, పనికి మనిషి. సుఖంగా ఉండాల్సింది. నేను ఉండలేకపోయాను.

అక్క నన్ను ఒక్క క్షణం వదిలేది కాదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఏమే, నీళ్ళు తాగుతావా? ఏమే, ఫ్యాను ఎక్కువైందా? ఏమే, ఆ పట్టీ బిగుతుగా ఉందేమో చూడు." పొద్దున్నుంచి సాయంత్రందాకా మాట్లాడుతూనే ఉండేది. వాళ్ళింటి మీదుగానే విమానాలు దిగుతాయి. విమానం వచ్చినప్పుడు మాట ఆపి, అది పోగానే ఆపినచోట అందుకునేది. నన్ను కాపలా కాస్తోందనుకున్నాను. చంటిపిల్లలా చూస్తోందని ఒళ్ళు మండేది. బావ భోజనాల దగ్గర, "టైపు కొట్టినందుక్కూడా చేతులు పోతాయా వసుధా? మా గుమాస్తా రోజంతా కొడతాడు మరి" అన్నాడు. ఆయన ఎదురుగా అక్క నాకు అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. నేను నోరు తెరవడమా, జవాబు చెప్పడమా తేలక ముద్దే మింగాను.

పదోరోజున వెళ్ళిపోతానన్నాను.

"ఎక్కడికే? ఇక్కడే ఉండిపో. పైగదికి రంగు కూడా వేయించా. దసరాకి ఆ వాటా ఖాళీచేసి వచ్చెయ్. తువ్వాలు పిండుకోలేవు, జడేసుకోలేవు. ఒక్కదానివీ ఆడ ఏం చేత్తావ్?"

"నేర్చుకుంటానక్కా."

"నలభయ్యేడేళ్ళొచ్చాకా?"

ఆ మాట పట్టుకుని బస్సెక్కాను. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆఫీసుకి వెళ్ళి మా యజమాని ప్రసాద్‌గారిని కలిశాను. ఆయన చెడ్డమనిషి కాదు, మెతకమనిషి కూడా కాదు. "దసరా సెలవుల తర్వాత కొత్త పుస్తకాల పని మొదలవుద్దమ్మా. అప్పటికి రోజుకి పదిహేను పేజీలు చేయగలిగితే నీ సీటు నీదే. లేదంటే వేరేవాళ్ళని చూసుకోవాలి, నన్నేమీ అనుకోవద్దు" అన్నారు. అంటే దసరాకి రెండే దారులు. నా చేతులు పనిచేస్తే నా రెండు గదులు, నా బల్ల, నా బతుకు. పనిచెయ్యకపోతే గన్నవరంలో పైగది, అక్క చేతి ముద్ద. అది చెడ్డ బతుకని నేననను. కానీ అది నాది కాదు.

ఫోన్లో చెప్తే అదే టైపు చేసుకుంటుందని ఆఫీసులో పిల్లలు సలహా ఇచ్చారు. ప్రయత్నించాను. "కృష్ణా డెల్టా ఆయకట్టు" అన్నాను. "కృష్ణ డెలివరీ ఆయన కట్టు" అని రాసింది. తప్పులు దిద్దుకోవచ్చు, అది కాదు నా ఇబ్బంది. ఖాళీ గదిలో గంటల తరబడి పైకి చదువుతుంటే జవాబు చెప్పే గొంతు ఇంకోటి లేదని బాగా తెలిసొచ్చేది. నాలుగో రోజు మానేశాను.

జూన్‌లో, నాకు చేతుల వ్యాయామాలు చేయించే హారిక అనే అమ్మాయి రెండు ముక్కల కీబోర్డు సంగతి చెప్పింది. మామూలు కీబోర్డు మీద రెండు చేతులూ దగ్గరికి తెచ్చి మణికట్లు బయటికి వంచుతామట. రెండు ముక్కలైతే ఒక్కో చెయ్యికి ఒక్కో ముక్క, భుజాలకి ఎదురుగా దూరదూరంగా పెట్టుకోవచ్చు, చెయ్యి వంచక్కర్లేదు. "కానీ మేడమ్, కొత్తలో బాగా విసుగొస్తుంది. ఏడవకూడదు మరి" అంది. నేనా, ఏడవడమా అన్నాను.

ఆన్‌లైన్లో తెప్పించాను. దుర్గగారే నా తరఫున తీసుకుని పెట్టె విప్పారు. లోపల చూసి, "అయ్యో, మధ్యకి విరిగొచ్చిందండీ. రిటర్ను పెట్టేయండి" అన్నారు. అదంతేనని చెప్తే ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను వాడే తెలుగు పద్ధతిలో అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి కింద ఉంటాయి. హల్లులు దాదాపు అన్నీ కుడిచేతి కింద. క కొట్టేది కుడిచెయ్యి, దానికి కొమ్మిచ్చేది ఎడమచెయ్యి. ఒక్క అక్షరం రాయడానికి ఇద్దరు మనుషులు కావాలన్నట్టు. కింది వరసలో మాత్రం మ, న, వ అనే మూడు హల్లులు ఎడమవైపుకి జారి ఉంటాయి, మ నెత్తిన, షిఫ్టు నొక్కితే, ణ. వీటిలో వ సరిగ్గా నడిమధ్యన, సరిహద్దు మీద ఉంటుంది. నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నదాన్ని. అందుకని ఇరవై రెండేళ్ళూ ఆ వ అక్షరాన్ని కుడి చూపుడువేలితో కొట్టాను. తప్పని నాకు తెలియదు. కీబోర్డు ఒక్క ముక్కగా ఉన్నన్నాళ్ళూ తెలియాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు వ ఎడమ ముక్కలో ఉండిపోయింది. నా కుడి చూపుడువేలు పాత అలవాటు కొద్దీ వెళ్ళి బల్లచెక్కని కొట్టేది. టక్ మని చప్పుడు, తెరమీద ఏమీ లేదు. "విజయవాడ" అని కొడితే ముందు ఒక గుడి దిక్కులేకుండా వేలాడుతూ, దాని వెనక "జయాడ" అని వచ్చింది. సొంత ఊరు పేరు రాయలేని టైపిస్టుని అయ్యాను. మొదటి వారం ఒక పేజీకి పూట పట్టింది. ఆ పేజీ చూస్తే అచ్చం ఒకటో తరగతి పిల్లల పలకే. హారికతో ఏమన్నానో మర్చిపోయి రెండోరోజే ఏడ్చాను.

జూలైలో ప్రసాద్‌గారికి ఒక మెయిల్ పంపాను, చెయ్యి కొంచెం నయంగా ఉందని. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, సుధ ఎవరు? మన దగ్గర కొత్తగా చేరిందా?"

కింద నా పేరులో వ పడలేదు.

అది నవ్వులాటతో పోయింది. ఆగస్టులో పోలేదు. నా మీద జాలిపడి, ఇంటి దగ్గర చేసిపెట్టమని జాగ్రఫీలో ఒక పాఠం ఇచ్చారు. పన్నెండు పేజీలు, ఆరు రోజులు పట్టాయి. పంపిన మర్నాడు ఆఫీసుకి పిలిచి, ఆ కాగితం అందరిముందూ చదివారు. "జల నరులు. ఖనిజ నరులు. రాష్ట్రంలో నరులను పొదుపుగా వాడుకోవలెను." పిల్లలు పడీపడీ నవ్వారు. వనరులన్నీ నరులైపోయాయి. మిగతా తప్పులు నేనే పట్టుకున్నాను, కానీ నరులు అనేది మంచి తెలుగు మాటే కాబట్టి కన్ను దాని మీదుగా జారిపోయింది. ఎదుటివాళ్ళ తప్పులు వెతికి చూపించిన రోజులు గుర్తొచ్చి తల వంచుకున్నాను. ప్రసాద్‌గారు నవ్వలేదు. "దసరా ఇంకెంతో దూరం లేదమ్మా" అన్నారు. అది నవ్వడంకన్నా ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చి వ గుణింతం మొదలుపెట్టాను. వ వా వి వీ వు వూ. ఎడమ చూపుడువేలు లోపలికి సాగాలి. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది పైకి లేవబోతే మందలిస్తూ, రోజుకి నాలుగు దఫాలు అదే పని. వాన, వాగు, వంకాయ, వరిచేను, వదిన. మా నాన్న బళ్ళో పంతులు. ఆయన ఉంటే ఈ వయసులో నేను మళ్ళీ గుణింతం దిద్దుతున్నందుకు సంతోషించేవారు. ఈ మాట ఎవరితోనైనా చెప్పి నవ్వుకోవాలనిపించేది. చుట్టూ చూసి ఊరుకునేదాన్ని.

బల్లమీద టక్ మనే చప్పుడు తగ్గుతూ వచ్చింది. వినాయక చవితి నాటికి రోజంతా మీద రెండుమూడు సార్లు. రెండు ముక్కల మధ్య ఖాళీలో రాతప్రతి పెట్టుకుంటే మెడ కూడా తిప్పక్కర్లేదని కనిపెట్టాను. తువ్వాలు పూర్తిగా కాకపోయినా నీళ్ళు కారకుండా పిండగలిగాను. జడ నేనే వేసుకోగలిగాను కూడా, అయినా దుర్గగారితో చెప్పలేదు. ఎనిమిది పేజీలయ్యాయి, పదయ్యాయి, పదమూడయ్యాయి.

అక్కడ నా బుద్ధి గడ్డి తింది. దసరా దగ్గరపడుతోంది, పదిహేను ఒక్కసారి చేసి చూపిద్దామని ఒకరోజు విరామాల్లేకుండా కూర్చున్నాను. పదిహేను పేజీలూ చేశాను. ఒక్క వ కూడా పోలేదు. పంపేశాను. మర్నాడు కుడిచెయ్యి చెంబు పట్టుకోలేదు.

మళ్ళీ అదే వెయిటింగ్ హాలు. ఈసారి మణికట్టులో ఇంజెక్షన్ ఇచ్చారు. వారం రోజులు కుడిచెయ్యి అసలు కదపకూడదన్నారు. హారిక ఇంటికొచ్చి మరీ తిట్టింది. కుడి ముక్కని ఎడమచేత్తో పొడుస్తూ కూర్చున్నానని తెలిసి ఇంకా తిట్టింది, ఎడమ భుజం కూడా పాడుచేసుకుంటారా అని. ఆ ముక్కని తనే తీసి బీరువాలో చీరల కింద పెట్టి, తాళంచెవి దుర్గగారికిచ్చి పోయింది.

ఆ సాయంత్రమే ప్రసాద్‌గారు ఫోన్ చేశారు. "వ అక్షరాలన్నీ వచ్చాయమ్మా" అన్నారు. తర్వాత, "సీటు నీదే. కానీ రోజూ పదిహేను వద్దులే, పది చెయ్యి. చెయ్యి ముఖ్యం" అన్నారు. సంతోషంతో గది మధ్యలో నిలబడ్డాను. ఎవరికి చెప్పాలి? అక్కకే చెప్పాను. దసరాకి రావడం లేదని, నా చేతులు నాకు సరిపోతాయని, కొంచెం గొప్పగానే చెప్పాను.

"సరేలే. నీ ఇష్టం" అని పెట్టేసింది. ఇంత చిన్న మాటతో అక్క ఎప్పుడూ ఫోన్ పెట్టెయ్యలేదు.

ఎడమ ముక్క ఒక్కటే బల్లమీద ఉంది. ఏమీ తోచక దానిమీద వేళ్ళాడించాను. అచ్చులన్నీ ఉన్నాయి, హల్లులు ఆ గుప్పెడే. వీటితో ఏం రాయొచ్చో చూద్దామని కొట్టాను. వాన. నవ్వు. మౌనం. అవమానం. అనుమానం. అన్నం వచ్చింది. అమ్మ వచ్చింది. నాన్న వచ్చాడు. నేను, నువ్వు, మనం, ఈ మూడూ వచ్చాయి. ఇన్నేళ్ళుగా కొడుతున్నాను, ఇవన్నీ ఒకే చేతిలో ఉన్నాయని నాకు తెలియదు. పోయిన అమ్మానాన్నలు తెరమీద పక్కపక్కన కనపడేసరికి చాలాసేపు చెరపలేకపోయాను. అక్క రాయబోయాను. రాలేదు. దానికి క కావాలి, క బీరువాలో ఉంది.

మూడోరోజు మధ్యాహ్నం అక్క నుంచి మెసేజి వచ్చింది. ఫోన్ పట్టుకోవడం మానేశాక నా మెసేజులన్నీ కంప్యూటర్లోనే చూసుకుంటాను. అక్క మామూలుగా తిన్నావా, పడుకున్నావా అని తప్ప రాయదు. ఇది పెద్దది.

"పైగదికి రంగు నీకోసం వేయించాననుకున్నావుగా. మీ బావ చెరువుల మీద ఉంటాడు. పిల్ల హైదరాబాదులో. పొద్దున్న లేచిన కాడ్నించి పొద్దుగూకేదాకా ఈ ఇంట్లో నేను మాట్లాడితే ఇనేవాళ్ళు లేరే. మేలో నువ్వున్న పదిరోజులూ గొంతు పోయేదాకా మాట్లాడా. నువ్వొస్తే నాకో మనిషి ఉంటదనుకున్నా. నీకు చేతులు బాగయినయ్, మంచిదే. నాకెవరున్నారే?"

రెండుసార్లు చదివాను. ఆ పదిరోజులూ నా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది నాలాంటి మనిషే. ఒంటరితనం అంటే నా ఒక్కదాని సొత్తు అనుకుని, నిండా మునిగిన అక్కని చూసి విసుక్కున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

జవాబు రాయాలి. తాళంచెవి అడుగుదామంటే దుర్గగారు గుడికి వెళ్ళారు. క్షమించమని రాద్దామంటే రాదు. తప్పు నాదేనని రాద్దామంటే రాదు. అక్కా అని పిలుద్దామన్నా రాదు. ఉన్న అక్షరాలతో కొట్టాను. పది కీలు, అన్నీ ఎడమచేతివే.

"నేనున్నాను."

పంపాక తెరకేసి చూస్తూ కూర్చున్నాను. అక్క చదివినట్టు గుర్తు పడింది. తర్వాత ఒక్క మాట వచ్చింది.

"ఎక్కడ?"

దానికి సరిపడే మాట నా ఎడమచేతిలో లేదు. లేచి, చీర మార్చుకోకుండానే చెప్పులేసుకుని తలుపు దగ్గరికి వేశాను. దసరా రోజులు, అమ్మవారి కొండకి వచ్చే జనంతో మా వైపు ఆటోలు ఆపేశారు. కుడిచేతిని గుండెలకి ఆనించుకుని, ఎదురొచ్చే ఎర్రబట్టల భవానీ దీక్షవాళ్ళని తప్పుకుంటూ, ఆటో దొరికేదాకా నడిచాను. బస్టాండులో గన్నవరం బస్సు కదలబోతోంది. ఆపమని ఎడమచెయ్యి ఎత్తి ఎక్కాను.